మా మేనత్త పోపుగారికి చెప్పిన జవాబు

మా మేనత్త ఆదివారం పూజ మానగా నేనెప్పుడూ చూడలేదు. జ్వరమైనా వానైనా మొదటి గంట మోగేసరికి ఎడమవైపు మూడో బల్ల మీద ఉంటుంది. ఆమె దుకాణం గోడకు పోపుగారి బొమ్మ లేని రోజు లేదు. ఒకాయన కాలం చేసి మరొకాయన రాగానే పాత బొమ్మను దించి, కాగితంలో చుట్టి, పెట్టెలో భద్రం చేసి, కొత్తది తగిలిస్తుంది. ఇంత భక్తి గల మనిషిని మా వాళ్ళు ఎవరికైనా పరిచయం చేసే తీరు మాత్రం వేరు. "మా అమ్మాయే. పోపుగారికి కాదని చెప్పింది" అంటారు, కాస్త సిగ్గుగా, కాస్త గొప్పగా.

చిన్నప్పుడు నేను ఆమె రోముదాకా వెళ్ళి, ఆయన ఎదుట నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, దెబ్బలాడి వచ్చిందనుకునేదాన్ని. నిజానికి ఆమె రోము చూడనే లేదు. పెళ్ళికి ముందు ఇల్లు విడిచి బయట పడుకున్నది కూడా మూడు వారాలే, అదీ ఈ సంగతి వల్లనే. పెద్దయ్యాక నాన్నను, నానమ్మను, చివరికి అత్తను కూడా విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. ముగ్గురి మాటలూ కలవని చోట అత్త చెప్పిందే తీసుకున్నాను. ఆమె అబద్ధం ఆడలేకపోవడం వల్లనే ఇంత కథా నడిచింది కాబట్టి.

మా తాత కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. ఇంటి ముందుగదే దుకాణం. తలుపు తీయగానే నూనె వాసన, ఇనుప పొడి వాసన. కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద విప్పిన మిషన్లు, సీసాల్లో మరలు, డబ్బాల్లో బాబిన్లు. అత్త బడి నుంచి వచ్చి ఆ బల్ల దగ్గరే కూర్చునేది. పదహారేళ్ళకు తొక్కుడు మిషను ఏదైనా విప్పి బిగించడం వచ్చేసింది. పంతొమ్మిదేళ్ళకు విప్పే పని కూడా లేకుండా పోయింది. ఎవరైనా మిషను తెచ్చి నాలుగుసార్లు తొక్కితే పక్కగదిలోంచే చెప్పేది: "షటిల్లో దారప్పోగు ఇరుక్కుంది." లేదంటే, "సూది తిరగేసి పెట్టుకున్నారు, మిషను తప్పేం లేదు." తాత పొంగిపోయేవాడు. "ఉండండి, డాక్టరమ్మ చూస్తుంది" అనేవాడు వచ్చినవాళ్ళతో.

పని చేసేటప్పుడు నూనె అంటకుండా జుట్టుకు తెల్లగుడ్డ కట్టుకునేది. ఇంత గొడవకూ కారణం ఆ గుడ్డే.

తాతకు ఒక అన్న ఉండేవాడు. నాకు పెదతాత, అత్తకు పెదనాన్న. తపాలా కార్యాలయంలో పెద్ద గుమస్తాగా చేసి దిగిపోయాడు. మా పేట క్రైస్తవులందరికీ ఉన్న విచారణ గుడిలో సంఘానికి ఆయనే పెద్ద. పూజలో బైబిలు పఠనం చదివేది కూడా ఆయనే, ఇరవై నాలుగేళ్ళుగా. మనిషి మంచివాడు, గొంతు ఇంకా మంచిది. కాకపోతే ఏ మాటకైనా పోపుగారిని అడ్డం పెట్టుకునేవాడు. పిల్లలు అల్లరి చేస్తే పోపుగారికి నచ్చదు. గుడిలో వెనక బల్ల మీద కూర్చుంటే పోపుగారికి నచ్చదు. మా నానమ్మ కూరలో ఉప్పు ఎక్కువ వేసినా ఆయన రోము వైపు చూసేవాడని నాన్న నవ్వుతాడు.

ఆ ఏడు బిషప్‌గారి మేత్రాసనం తరఫున ముప్పై మంది రోముకు యాత్ర వెళ్ళారు. మా కుటుంబంలో అంతదూరం వెళ్ళిన మొదటివాడు పెదతాత. ఆశీర్వాదం చేయించుకు రావడానికి ఇంటిల్లిపాదీ కలిసి తీయించుకున్న ఫొటో ఒకటి అద్దం కట్టించి తీసుకెళ్ళాడు. ఆ ఫొటో దుకాణం మెట్ల మీద తీశారు. ఫొటో తీసే ఆయన తొందరపెట్టడంతో అత్త పని మధ్యలో లేచి వచ్చి, తలకు సిస్టర్ల ముసుగులా కనిపించే ఆ తెల్లగుడ్డతోనే చివర నిలబడింది.

అక్కడ ఏం జరిగిందో పెదతాత కొన్ని వందలసార్లు చెప్పాడు, ఒక్క మాట కూడా మార్చకుండా. తెల్లవారకముందే వెళ్ళి కటకటాల పక్కన చోటు పట్టుకున్నాడు. పోపుగారు జనం మధ్యగా నడిచి వస్తూ ఈయన ముందు ఆగారు. ఫొటో చూశారు. చివర ఉన్న పిల్ల మీద వేలు పెట్టి, నవ్వి, తన భాషలో ఏదో అన్నారు. యాత్రవాళ్ళతో వచ్చిన ఫాదర్ ఒకాయన పక్కనే ఉండి తెలుగు చేశాడు: "ఈ అమ్మాయి మంచి సిస్టరవుతుంది. కానివ్వండి." అంతే, ఆయన ముందుకు సాగిపోయారు. మొత్తం కలిపి సూదిలో దారం ఎక్కించినంత సేపు కూడా పట్టలేదు.

తిరిగి వచ్చిన ఆదివారం పూజ అయ్యాక పెదతాత యాత్ర విశేషాలు చెప్పాడు. చిట్టచివర గొంతు సవరించుకుని, మా ఇంటి పిల్లను పోపుగారు స్వయంగా మఠానికి పిలిచారని ప్రకటించాడు. మూడో బల్ల మీద ఉన్న అత్తకు కూడా ఆ సంగతి అందరితోపాటే తెలిసింది. ముందు ఎవరో ఇంకో అమ్మాయి అనుకుందట. అందరూ వెనక్కి తిరిగి తనవైపే చూస్తుంటే, నానమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంటే అప్పుడు అర్థమైంది, ఆ పిల్ల తానేనని.

ఆ వారమంతా ఇల్లు సందడే. పక్కవీధి వాళ్ళు కూడా వచ్చి దీవించి వెళ్ళారు. మిషన్లు తెచ్చేవాళ్ళు మాట మార్చేశారు. "సిస్టరమ్మా, మా బాబిన్ తిరగట్లేదు, కాస్త చూద్దురూ" అని ఒకావిడ అంటే అత్తకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మీరు" అనిపించుకోవడం ఆమెకు అదే మొదలు.

ఎనిమిదో రోజున నోరు విప్పింది. పెదతాత, తాత, నానమ్మ ముందుగదిలో కూర్చుని ఉన్నారు.

"పెదనాన్నా, నాకు ఆ పిలుపు రాలేదు" అంది.

పెదతాత అర్థం కానట్టు చూశాడు. "పిలుపు రాలేదంటావేమిటే? ఏకంగా పోపుగారే పిలిస్తే?"

"మఠంలోకి రమ్మని పిలిచేది దేవుడు కదా. లోపల తెలుస్తుందంటారు. నాకు లోపల ఏమీ తెలియడం లేదు. నాకు ఈ బల్ల దగ్గర కూర్చోవడమే ఇష్టం."

"నీకు తెలియకపోతే ఆయనకు తెలిసింది. మనకంటే ఆయనకు ఎక్కువ తెలుసు కాబట్టే మనం ఆయన మాట వింటాం."

నానమ్మ అందుకుంది. "పోపుగారి మాటంటే వంటింట్లో పోపనుకున్నావా, ఇష్టమైతే వేసుకోవడానికి, లేకపోతే మానడానికి?"

తాత చేతిలో ఉన్న మరను తిప్పుతూ కూర్చున్నాడు. కూతురు వెళ్ళిపోతే సగం దుకాణం వెళ్ళిపోయినట్టే. అయినా అది పైకి అంటే స్వార్థమవుతుందని నోరు కట్టుకున్నాడు. ఆయన ఆ రోజు మాట్లాడనందుకు చివరిదాకా నొచ్చుకునేవాడని నాన్న చెబుతాడు.

అత్తకు పోపుగారంటే నిజంగానే ప్రాణం. ఎదురు చెప్పాలని లేదు. ఆయన అన్నారంటే తనలో తనకు కనపడనిదేదో ఆయనకు కనపడిందేమోనని భయం. అందుకే వెళ్ళి చూసి వస్తానంది. పట్నం అవతలి కొసన మఠం ఉంది, చేరదలచిన వాళ్ళు ముందు మూడు వారాలు ఉండి చూడవచ్చు. పెదతాత స్వయంగా పెట్టె మోసుకెళ్ళి దింపి వచ్చాడు.

ఆ మూడు వారాల గురించి అడిగితే అత్త ముఖం వెలిగిపోతుంది. సిస్టర్లు ఎంతో బాగా చూసుకున్నారు. పొద్దున ప్రార్థన, తర్వాత మౌనం. మౌనంలో దేవుణ్ణి తలుచుకోవాలి. అత్త కళ్ళు మూసుకోగానే పక్క హాల్లోంచి మిషన్ల చప్పుడు వినిపించేది. ఆ మఠంలో ఆడపిల్లలకు కుట్టు నేర్పే బడి ఉంది. పదకొండు మిషన్లు. ఒకటి దగ్గుతున్నట్టు, ఒకటి మూలుగుతున్నట్టు, ఒకటి గట్టిగా తిడుతున్నట్టు. రెండు రోజులు ఓర్చుకుంది. మూడోరోజు మౌనం మధ్యలో లేచి వెళ్ళి, మూలుగుతున్న మిషను పళ్ళ మధ్య పేరుకున్న నూలుదుమ్ము తీసి, నూనె వేసి వచ్చింది. రెండో వారం అయ్యేసరికి పదకొండూ గుసగుసలాడుతున్నాయి.

ఆఖరి రోజు మఠానికి పెద్ద అయిన మదర్‌గారు పిలిచింది. సన్నగా, పొట్టిగా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని చూసే మనిషి. "మా మిషన్లకు నువ్వు నచ్చావు" అంది. "మేము నీకు నచ్చామా?"

"మీరందరూ నచ్చారు, మదర్."

"మరి చేరతావా?"

"పోపుగారు చేరమన్నారు."

"అది తెలుసు. ఊరంతా తెలుసు. నేను అడిగింది నిన్ను."

 మదర్‌గారు సొరుగులోంచి ఒక దరఖాస్తు కాగితం తీసి ఇచ్చింది. పుట్టిన తేదీ, జ్ఞానస్నానం తేదీ, తల్లిదండ్రులు, చదువు. అన్నీ నింపింది. కిందనుంచి రెండో గీత దగ్గర కలం ఆగిపోయింది. అక్కడ అచ్చులో ఒక ప్రశ్న ఉంది: ఎవరి బలవంతమూ, ఎవరి భయమూ లేకుండా మీ సొంత ఇష్టంతో చేరుతున్నారా?

"ఇక్కడ ఏం రాయాలి, మదర్?"

"నిజం రాయాలి."

అత్త చాలాసేపు ఆ గీత వైపు చూసింది. అవునని రాస్తే అబద్ధం. అబద్ధం ఆడితే పాపం. కాదని రాస్తే పోపుగారి మాట పోతుంది. చివరికి కలం కింద పెట్టి, "ఈ కాగితం ఇంటికి తీసుకెళ్ళనా? ఒకరిని అడగాలి" అంది. మదర్‌గారు కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది. కుట్టుబడి సిస్టరుకు మాత్రం అత్త వెళ్ళిపోతుందంటే మనసు విలవిల్లాడిందట. పన్నెండో మిషను కొనాలనుకుంటున్నారు పాపం.

అడగాలనుకున్నది మా విచారణ గుడి ఫాదర్‌ని. ఆయన్ని అందరూ గడియారం ఫాదర్ అనేవారు. పూజ ఒక్క నిమిషం ఆలస్యమైతే ఊరుకునేవాడు కాదు. పోపుగారి దగ్గర నుంచి లేఖ ఏదైనా వస్తే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, పసిపిల్లలు ఏడ్చినా, పెద్దవాళ్ళు నిద్రపోయినా, గంటసేపు నిలబడి చదివేవాడు. ఆయన దగ్గరికి వెళదామని అత్త అంటే పెదతాత ఎగిరి గంతేశాడు. "పద, ఇప్పుడే పద. ఆయన చెబితే గానీ నీకు బుద్ధి రాదు" అని అత్తనూ తాతనూ వెంటబెట్టుకుని వెళ్ళాడు.

ఫాదర్‌గారి గది ఇరుకు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మిగతాదంతా పుస్తకాలు. ఆయన కాగితం చదివాడు. పెదతాత చెప్పిన రోము సంగతి మొదటిసారి విన్నట్టే మళ్ళీ మొత్తం విన్నాడు. తర్వాత పెదతాతనే అడిగాడు.

"పెద్దాయనా, పోపుగారు మిమ్మల్ని చూసి, మీ చెప్పులు బాగాలేవు, మార్చుకోండి అన్నారనుకుందాం. మారుస్తారా?"

"అక్కడికక్కడే పారేస్తాను."

"మంచిదే. మీ ఇల్లు తమ్ముడికి ఇచ్చేసి మీరు వెనక పాకలో ఉండండి అన్నారనుకోండి."

పెదతాత గడ్డం గోక్కున్నాడు. "ఆయన అలా ఎందుకంటారు, ఫాదర్‌గారూ?"

"అన్నారనుకోండి."

"అంటే... కాస్త ఆలోచించాలి."

"ఎందుకు ఆలోచించాలి? పోపుగారి మాట కదా."

తాతకు నవ్వొచ్చి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. ఫాదర్‌గారు నవ్వలేదు.

"వినండి" అన్నాడు. "క్రైస్తవ సభ అంతటికీ గురువుగా నిలబడి, ఇది మన విశ్వాసం అని ఆయన నిర్ణయించి చెబితే నేను మోకాళ్ళ మీద పడి ఒప్పుకుంటాను. సభకు ఒక చట్టం చేస్తే పాటిస్తాను. నచ్చకపోతే గొణుగుతూనైనా పాటిస్తాను. మామూలుగా బోధించేటప్పుడు కూడా తీసిపారేయను, గౌరవంగా విని, మనసుపెట్టి ఆలోచిస్తాను. కానీ దారిన పోతూ ఫొటో చూసి అన్నది చట్టం కాదు, బోధ కాదు. దీవెన. పెద్దాయన దీవెన కాబట్టి విలువైనదే, కళ్ళకద్దుకుని ఇంటికి తెచ్చుకోండి. దాన్ని తీసుకెళ్ళి ఒక ఆడపిల్ల మెడకు తాడులా కట్టకండి."

"ఆయనకు అధికారం లేదంటారా?" అన్నాడు పెదతాత. ఆయన నిజంగానే బాధపడ్డాడని అత్త చెబుతుంది.

"చాలా ఉంది. ఈ ఒక్కటీ లేదు. నువ్వు పెళ్ళి చేసుకో, నువ్వు మఠంలో చేరు అని ఆజ్ఞ వేసే అధికారం ఎవరికీ లేదు. కన్నతండ్రికి లేదు, నాకు లేదు, బిషప్‌గారికి లేదు, పోపుగారికీ లేదు. అది ఆ మనిషికీ దేవుడికీ మధ్య సంగతి." లేచి ఒక లావుపాటి పుస్తకం తీసి, పేజీ వెతికి, వేలు పెట్టి చూపించాడు. "భయపెట్టి, బలవంతపెట్టి చేయించిన మఠం ప్రమాణం చెల్లదు. ఇది సభ చట్టం. దీనికి రాజముద్ర వేసింది ఎవరనుకున్నారు? పోపుగారే. ఇప్పుడు మీరు ఈ పిల్లను బలవంతాన పంపితే ఆయన మాట విన్నట్టా, మీరినట్టా?"

పెదతాత పుస్తకంలోకి వంగి రెండుసార్లు చదివాడు. తపాలా గుమస్తా కాబట్టి అచ్చులో ఉన్న నియమాన్ని కాదనడం ఆయన వల్ల కాలేదు.

అత్త గట్టిగా ఊపిరి పీల్చుకుంది. వెంటనే ఫాదర్‌గారు ఆమె వైపు తిరిగాడు.

"నువ్వేం గెలిచానని సంబరపడకు. ఆజ్ఞ కాదన్నాను గానీ గాలికి వదిలెయ్యమనలేదు. అంత పెద్దాయనకు నిన్ను చూడగానే ఆ మాట ఎందుకు తోచిందో నిజాయితీగా చూసుకో. తొమ్మిది రోజులు ప్రార్థన చెయ్యి. తర్వాత నీ మనస్సాక్షి ఏం చెబితే అదే నాకు చెప్పు. అవునన్నా కాదన్నా రెండో ప్రశ్న వెయ్యను."

తొమ్మిది రోజులూ అత్త రోజూ పొద్దున్నే గుడికి వెళ్ళి మోకరించింది. నాకు ఈ భాగమే ఎక్కువ ఇష్టం. ఆమె తప్పించుకోవడానికి వెళ్ళలేదు. నిజంగానే అడిగింది. ఎనిమిదో రోజున మఠంలో మిగిలిన జీవితమంతా ఉన్నట్టు ఊహించుకుందట. పదకొండు మిషన్లు కనిపించాయి గానీ తాను కనిపించలేదు. దుకాణంలో బల్ల దగ్గర ఊహించుకుంటే ముసలిదాన్నయ్యాక కూడా అక్కడే కూర్చుని ఉన్నట్టు, దేవుడు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తున్నట్టు అనిపించింది.

పదో రోజున వెళ్ళి చెప్పింది. "ఫాదర్‌గారూ, నేను చేరను."

"సరే. పూజకు వేళయింది, పద" అన్నాడాయన. మాట ఇచ్చినట్టే రెండో ప్రశ్న వెయ్యలేదు.

అత్త ఆ దరఖాస్తు కాగితం మీద ఆ గీత దగ్గర "కాదు" అని రాసి, మదర్‌గారికి తపాలాలో పంపింది. పైన ఇంకో ముక్క కూడా చేర్చింది: మిషన్లకు పదిహేను రోజులకోసారి నూనె వెయ్యండి.

అందరూ వెంటనే సర్దుకుపోయారని చెప్పను. గుడి మెట్ల మీద కొందరు ఆడవాళ్ళు ఆమెను చూసి గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. నానమ్మ నెల రోజులు మొహం ముడుచుకుంది. పెదతాత మాత్రం పూర్తిగా మాటలు మానేశాడు. ఎదురుగా అత్త ఉన్నా, "ఆ అమ్మాయిని కాస్త మంచినీళ్ళు ఇమ్మనండి" అని గోడకు చెప్పేవాడు. అత్త నీళ్ళు తెచ్చి, "పెదనాన్నగారికి ఇచ్చానని చెప్పండి" అని అదే గోడకు జవాబిచ్చేది. ఇలా రెండేళ్ళు. ఆ గోడ అంతగా మాట్లాడిన కాలం మళ్ళీ రాలేదని నాన్న అంటాడు.

ఆ తర్వాత రోము నుంచి మరో మాట వచ్చింది. ఈసారి అచ్చులో, సంతకంతో, బిషప్‌గారి ద్వారా. ఇకమీదట గుడిలో పఠనాలు ఆడవాళ్ళు కూడా చదవవచ్చునని దాని సారాంశం. గడియారం ఫాదర్ అలవాటు ప్రకారం మొత్తం చదివాడు. చదవడం అయ్యాక, వచ్చే నెల నుంచి ఒక ఆదివారం పెద్దాయన, ఒక ఆదివారం కుట్టుమిషన్ల అమ్మాయి చదువుతారని చెప్పాడు. మిషన్ల చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు వెనక బల్ల దాకా వినిపిస్తుంది, అదీ ఆయన లెక్క.

పెదతాత నేరుగా ఫాదర్‌గారి గదికి వెళ్ళాడు. ఆయన వెనకే తాత పరుగెత్తాడు. ఈ సంభాషణ తాత చెప్పగా నాన్న విన్నది.

"ఇదేం బాగాలేదు, ఫాదర్‌గారూ. పోపుగారు ఇక్కడికొచ్చి మన గుడి చూశారా? మన జనం సంగతి ఆయనకేం తెలుసు?"

"పెద్దాయనా, ఇది దారిన పోతూ అన్న మాట కాదు. చట్టం."

"చట్టమైతే మాత్రం? కొన్ని సంగతులు ఆయనకు తెలియవు."

"ఆ ముక్క రాసి పంపండి, నేనే బిషప్‌గారికి అందిస్తాను. అలా చెప్పుకునే హక్కు మీకుంది. ఈలోగా ఆ అమ్మాయి చదువుతుంది."

పెదతాత ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. సంగతి తెలిసిన అత్త మర్నాడు పఠనాల పుస్తకం చంకన పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన వసారాలో కూర్చుని పత్రిక చదువుతున్నాడు. తల ఎత్తలేదు. అత్త కింద మెట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది. ఒక రాజు పేరు దగ్గర నాలుక మడతపడింది. మళ్ళీ చదివింది. మళ్ళీ మడతపడింది. మూడోసారి పెదతాత పత్రిక దించాడు.

"నెబు. కద్. నెజరు" అన్నాడు, గోడకు కాదు, ఆమెకే. "మూడు ముక్కలు చేసి పలకాలి. ఇరవై ఆరేళ్ళుగా చదువుతున్నాను, ఒక్కసారి తడబడలేదు."

"అందుకే మీ దగ్గరికొచ్చాను, పెదనాన్నా. నాకు నేర్పించేవాళ్ళు ఇంకెవరున్నారు?"

ఆయన కాసేపు పత్రిక మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. "నాకు ఆ నియమం నచ్చలేదు" అన్నాడు.

"నాకు తెలుసు. మీరు రాసి పంపండి. కావాలంటే శుభ్రంగా నేను తిరగరాసి పెడతాను."

ఆయనకు నవ్వు ఆగలేదు. ఆపుకోవాలని చూశాడు గానీ భుజాలు కదిలిపోయాయి. ఆ రోజు నుంచి నెలంతా సాయంత్రాలు ఆ వసారాలో పాఠం జరిగింది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, జనం దగ్గుతుంటే ఎంతసేపు ఆగాలి, అన్నీ నేర్పాడు. అత్త మొదటిసారి చదివిన ఆదివారం పెదతాత ముందు బల్ల మీద కూర్చుని, ఆమెతోపాటే పెదవులు కదుపుతూ ఉన్నాడు. రాజు పేరు రాగానే గుడిలో ఊపిరి బిగబట్టింది ఇద్దరే. పేరు మూడు ముక్కలుగా చక్కగా వచ్చింది. పూజ అయ్యాక మెట్ల మీద నిలబడి ఆయన కనపడ్డవారందరికీ, "మా పిల్లే, నేనే నేర్పించాను" అని చెప్పాడు. ఆ ఫిర్యాదు ఎప్పుడూ రాయలేదు.

అత్త పెళ్ళి ఇరవై ఎనిమిదో ఏట. మా మామయ్య దర్జీ. ఒకే మిషను ఏడాదిలో ఆరుసార్లు బాగుచేయించడానికి తెచ్చాడు. ఆరోసారి అత్త మిషను తొక్కి చూసి, "దీనికి ఏ రోగమూ లేదు. ఉంటే తెచ్చినవాళ్ళకే ఉండాలి" అంది. మామయ్య చెవుల దాకా ఎర్రబడి, ఉందని ఒప్పుకున్నాడు. పెళ్ళినాడు గడియారం ఫాదర్ పీఠం ముందు అందరినీ అడిగే ప్రశ్నే వీళ్ళనూ అడిగాడు: ఎవరి బలవంతమూ లేకుండా ఇష్టపూర్వకంగానే వచ్చారా అని. మామయ్య సన్నగా అవునన్నాడు. అత్త మాత్రం "అవును, ఫాదర్" అని ఎంత గట్టిగా చెప్పిందంటే గుడంతా నవ్వింది. ఫాదర్‌గారు నవ్వడం మా ఊరివాళ్ళు చూసింది ఆ రోజే.

వాళ్ళకు ఇద్దరు కొడుకులు. మామయ్య పోయి ఆరేళ్ళయింది. అత్త ఇప్పటికీ దుకాణం తెరుస్తుంది. మోటారు మిషన్లు వచ్చాక కొత్త పని నేర్చుకుంది, చీకట్లో కూడా తీగ రంగు చెప్పగలనంటుంది గానీ అది మాత్రం నేను నమ్మను. గుడికి ఇప్పుడు కుర్ర ఫాదర్ వచ్చాడు. ఫోనులో ఎవరో ఏదో పంపితే, "పోపుగారు ఇలా అన్నారట కదండీ" అని ఎవరైనా దుకాణంలో మొదలుపెడతారు. అత్త స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "ఎక్కడన్నారు? ఎవరితో అన్నారు? లేఖలోనా, దారిలోనా?" అని అడుగుతుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు.

ఈమధ్య పూజ ప్రార్థనల్లో కొన్ని మాటలు మార్చారు. రోము అనుమతితో కొత్త అనువాదం వచ్చింది. ముసలివాళ్ళ నోటికి తిరగని మాటలు రెండు మూడు ఉన్నాయి. అత్తకు అవి నచ్చలేదు. నన్ను కూర్చోబెట్టి పోపుగారికి ఉత్తరం రాయించింది. ఆమె చెబుతుంటే నేను రాశాను. "అయ్యా, మీరు చెప్పినట్టే కొత్త మాటలే పలుకుతున్నాను. కానీ పాతవే బాగున్నాయి, మా వీధిలో పళ్ళు లేనివాళ్ళు ఎక్కువ" అని ఉంది అందులో. పళ్ళ సంగతి తీసేద్దామంటే ఒప్పుకోలేదు.

జవాబు ఇంకా రాలేదు. మొన్న ఆదివారం నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆ ప్రార్థన వచ్చినప్పుడు చుట్టుపక్కల సగం మంది పాత మాటలే గొణిగేశారు. అత్త ఒక్కత్తే కొత్త మాటలు, తడబడకుండా, వెనక బల్ల దాకా వినిపించేలా చెప్పింది. ఆ తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "అస్సలు బాగాలేవు" అంది.